విదేశాల్లో తిరిగేటప్పుడు ముక్కూ మొహం తెలియని వాళ్ల సాయం: ఎంతవరకు నమ్ముకోవచ్చు?

సంచారి_మాగ్డెబర్గ్
క్రిస్మస్ సెలవుల్లో మా బ్యాచ్ నలుగురం ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరు అబ్బాయిలం, ఇద్దరు అమ్మాయిలు. అందరిదీ మొదటి సెమిస్టరే. జర్మనీ స్టూడెంట్ వీసా కోసం ముందే డబ్బు వేసి పెట్టిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి వచ్చే 992 యూరోల్లోనే రూమ్ అద్దె, ఇన్సూరెన్స్, తిండి అన్నీ గడవాలి. చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.

మాలో ఒకడు హాస్టల్ బుకింగే వద్దంటున్నాడు. "అక్కడి జనం చాలా మంచివాళ్లు. ఎవరో ఒకరు ఇంట్లో పడుకోనిస్తారు, రోడ్డు మీద లిఫ్ట్ దొరుకుతుంది, మా సీనియర్ ఇలాగే తిరిగొచ్చాడు" అంటాడు. నాకు నచ్చట్లేదు. దారిలో కష్టం వస్తే ఎవరైనా ఆదుకోవడం వేరు, ఎవరో ఆదుకుంటారని ముందే లెక్క రాసుకుని బయల్దేరడం వేరు. మన డబ్బు మిగలడానికి వేరేవాళ్ల సోఫా మీద ఆధారపడటం న్యాయమేనా?

నిజంగా ఇలా సాయం పొందినవాళ్లు, ఇబ్బంది పడినవాళ్లు ఇద్దరూ చెప్పండి. ఏం జాగ్రత్తలు తీసుకున్నారు? సాయం చేసినవాళ్లకు తిరిగి ఏమిచ్చారు?

బెజవాడ_బ్యాక్‌ప్యాక్
బ్రో, నీ ఫ్రెండ్‌ని మరీ తప్పుపట్టకు. ఇంట్లో చోటిచ్చే వాళ్లంతా దానధర్మం చేస్తున్నామని అనుకోరు. వాళ్లకి కబుర్లు కావాలి, వేరే దేశం మనిషితో కలిసి వంట చేసుకోవాలని ఉంటుంది. ఇలా ఇంట్లో ఉచితంగా చోటిచ్చేవాళ్లనీ ప్రయాణికుల్నీ కలిపే కౌచ్‌సర్ఫింగ్ అనే సైట్ 2004లో మొదలైంది ఈ ఆలోచనతోనే. 2020 నుంచి దానికి సభ్యత్వ రుసుం పెట్టారు, దాంతో చాలామంది బీవెల్‌కమ్, ట్రస్ట్‌రూట్స్ లాంటి ఉచిత వేదికలకు మారిపోయారు. నేను ఆ ఉచిత వాటిలోనే వెతుకుతాను.

కానీ నీ ట్రిప్‌కి అది కుదరదు. క్రిస్మస్ వారంలో అక్కడ ఇళ్ల నిండా సొంత చుట్టాలే ఉంటారు. పైగా నలుగురు! ఒక్కరికి చోటు దొరకడమే గగనం. ప్రొఫైల్ చదవకుండా పదిమందికి ఒకే మెసేజ్ కాపీ పేస్ట్ చేస్తే జవాబు కూడా రాదు. రాత్రి పదకొండుకి వచ్చి పడుకుని, పొద్దున్నే బ్యాగ్ తగిలించుకుని వెళ్లిపోయేవాడికి హాస్టలే మేలు. ఆతిథ్యం తీసుకుంటే వాళ్లతో కూర్చోవాలి.

కోనసీమ_కుర్రోడు
డిసెంబరులో ప్రాగ్ రోడ్డు మీద నిలబడి లిఫ్ట్ అడిగితే కారు ఆగేలోపు నలుగురూ నాలుగు కుల్ఫీలు అవుతారు.

ఓరుగల్లు_అమ్మాయి
బెజవాడ అన్న చెప్పింది అబ్బాయిల కోణం. అమ్మాయిల కోణం నేను చెప్తాను.

మాస్టర్స్ చేసేటప్పుడు ఒక్కదాన్నే చాలా తిరిగాను. ఇళ్లలోనూ ఉన్నాను. మంచి అనుభవాలే ఎక్కువ. బ్రనోలో ఒక రిటైర్డ్ టీచర్ జంట నాకోసం ప్రత్యేకంగా ఆలుగడ్డ సూప్ చేసి, పొద్దున బస్ స్టేషన్ దాకా నడిచొచ్చి ఎక్కించారు. ఇంకో ఊళ్లో, పేరు చెప్పను, ఒకతను ముందు వేరే గది ఉందన్నాడు. ఇంట్లోకి వెళ్లాక ఒకే గది, ఒకే మంచం. "యూరప్‌లో ఇవన్నీ మామూలే" అని నవ్వాడు. నేను చెప్పులు కూడా విప్పకుండా బయటికొచ్చేశాను. వెళ్లడానికి నాకు చోటు ఉంది కాబట్టి రాగలిగాను. ఆ ఊళ్లో హాస్టల్ బెడ్ ఒకటి సాయంత్రం దాకా రద్దు చేసుకునే షరతు మీద ముందే బుక్ చేసి పెట్టుకున్నాను.

అందుకే సంచారి తమ్ముడికి నా మాట: ఇంకొకరి ఇంటికి వెళ్లినా, నీ చేతిలో రెండో దారి ఉండాలి. అది లేకపోతే ఎదుటివాళ్లు మంచివాళ్లో కాదో తేల్చుకునే స్వేచ్ఛ కూడా నీకుండదు. మీ గ్రూపులోని ఆ ఇద్దరమ్మాయిలను ఈ ప్లాన్ గురించి విడిగా అడిగారా? గ్రూపులో అందరి ముందు "నాకు భయం" అని చెప్పడం కష్టం.

సంచారి_మాగ్డెబర్గ్
@ఓరుగల్లు_అమ్మాయి విడిగా అడగలేదక్కా. ఈ రోజే అడుగుతాను.

టెర్నోపిల్_డాక్టర్
ఇక్కడ చాలామంది సెలవుల ట్రిప్పుల గురించి మాట్లాడుతున్నారు. నాది వేరే ప్రయాణం, కానీ ప్రశ్న అదే.

2022 ఫిబ్రవరి 24 పొద్దున ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైంది. విమానాలు ఆగిపోయాయి. మేం అక్కడి టెర్నోపిల్‌ నగరంలో మెడిసిన్ చదువుతున్నాం, మాకు దగ్గర పోలండ్ సరిహద్దు. అద్దె బస్సులో బయల్దేరాం. సరిహద్దు ఊరు షెహీనీ వైపు కిలోమీటర్ల కొద్దీ కార్లు ఆగిపోయి ఉండటంతో డ్రైవర్ మమ్మల్ని దించేశాడు. అక్కడి నుంచి నడక. ట్రాలీ చక్రాలు విరిగిపోయి సూట్‌కేసులు రోడ్డు పక్కనే వదిలేసినవాళ్లు ఉన్నారు. రాత్రి చలి సున్నాకి దిగువన.

దారిలో పల్లెటూళ్లు. ఒక్కో ఇంటి గేటు దగ్గర ఆడవాళ్లు బల్ల వేసి టీ, రొట్టె, ఊరబెట్టిన దోసకాయలు, వేడి సూప్ పెట్టుకుని నిలబడ్డారు. ఎవరికి పెడుతున్నామని చూడలేదు. మాతో ఉన్న గుంటూరు అమ్మాయి బూట్లు తడిసిపోతే ఒక ముసలావిడ లోపలికి తీసుకెళ్లి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, తన ఉన్ని మేజోళ్లు తొడిగింది. ఆవిడ కొడుకు ఆ రోజే సైన్యంలో చేరడానికి వెళ్లాడట. రోగులతో మాట్లాడటానికి నేర్చుకున్న ఉక్రేనియన్ నాకు వచ్చు కాబట్టి అది అర్థమైంది. అంత దుఃఖంలో ఉండి కూడా మాకు పెట్టింది.

అందరూ అలా ఉన్నారని చెప్పను. సరిహద్దు క్యూలో విదేశీయుల్ని వెనక్కి నెట్టడం జరిగింది, అప్పట్లో వార్తల్లో కూడా వచ్చింది. మావాళ్లు కొందరు దెబ్బలు తిన్నారు. అవతల పోలండ్ ఊరు మెడికాలో అడుగుపెట్టగానే మళ్లీ వేరే లోకం: దుప్పట్లు, ఉచిత సిమ్ కార్డులు, దగ్గరి పట్టణం ప్షెమిషల్ దాకా బస్సులు, తమ కార్లతో వచ్చి "ఎక్కడికి వెళ్లాలి?" అని అడిగే మామూలు మనుషులు. రొమేనియా వైపు సిరెట్ దగ్గర దాటిన నా క్లాస్‌మేట్లూ ఇదే చెప్పారు. తర్వాత ఆపరేషన్ గంగా విమానాల్లో ఢిల్లీ చేరాం. ఎయిర్‌పోర్టులో ఏపీ భవన్, తెలంగాణ భవన్ వాళ్లు బోర్డులు పట్టుకుని నిలబడి, అన్నం పెట్టి, సొంతూళ్లకు టికెట్లిచ్చి పంపారు.

సంచారీ, నీ వాదనతో నేను ఏకీభవిస్తాను, కానీ ఒక్కటి చేర్చాలి. మాకు సాయం అందినా, బయటపడటానికి మా సొంత సిద్ధత కూడా ఉంది. పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు ఒంటి మీదే ఉన్నాయి. పవర్ బ్యాంక్ నిండుగా ఉంది. కొంత నగదు తీసి పెట్టుకున్నాం, అప్పటికి ఏటీఎంల ముందు పెద్ద వరుసలు. ఆ ఆడవాళ్లు మాకు టీ, వెచ్చదనం ఇవ్వగలిగారు. పాస్‌పోర్టు పోయి ఉంటే వాళ్లేం చేయగలరు?

కోనసీమ_కుర్రోడు
డాక్టర్ గారూ, ఆ ముసలావిడ వాళ్ల అబ్బాయి సంగతి తర్వాత ఏమైనా తెలిసిందా?

టెర్నోపిల్_డాక్టర్
@కోనసీమ_కుర్రోడు తెలియలేదు. ఊరి పేరు కూడా గుర్తు పెట్టుకునే స్థితిలో లేం. ఆ గుంటూరు అమ్మాయి ఇప్పటికీ అదే అడుగుతుంది.

నల్లగొండ_నాన్న
నేను విద్యార్థిని కాదు. మా అబ్బాయి జర్మనీలో ఉన్నాడు, వాడి కోసమే ఈ చర్చలు చదువుతుంటాను.

పిల్లలు చెప్పని వైపు ఒకటుంది. ఒక రాత్రి మావాడి ఫోన్ ఆగిపోయింది. చివరి రైలు రద్దయి ఏదో చిన్న స్టేషన్‌లో ఉండిపోయాడు. మాకు ఇక్కడ తెల్లవారుజాము. వాళ్లమ్మ పూజగదిలో కూర్చుండిపోయింది. అప్పుడు తెలియని జర్మన్ నంబర్ నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. మావాడు ఎవరింట్లోనో బల్ల దగ్గర కూర్చుని రొట్టె తింటున్నాడు. కింద తెలుగులో రెండు వాక్యాలు, మెషీన్ అనువాదం అని చూస్తేనే తెలుస్తోంది: మీ కొడుకు క్షేమం, రేపు ఉదయం రైలు ఎక్కిస్తాను. ఆవిడ కూడా ఒక తల్లే. మేం అడగకుండానే మా భాషలో రాసి పంపాలని తోచిందంటే ఎంత మనసున్న మనిషి!

కాబట్టి పిల్లలకు చెప్పేది: ఎవరైనా సాయం చేస్తే, మొదటి పదినిమిషాల్లో ఇంటికి ఒక కబురు పంపండి. ఎక్కడున్నారో, ఎవరింట్లో ఉన్నారో. అది మా భయం తగ్గడానికి మాత్రమే కాదు, మీ రక్షణ కూడా. ఇంటి నంబర్ ఒక్కటైనా ఫోన్ చూడకుండా చెప్పగలగాలి. మావాడికి నా నంబర్ నోటికి వచ్చు కాబట్టే ఆ ఫోటో మాకు చేరింది.

ఓరుగల్లు_అమ్మాయి
@నల్లగొండ_నాన్న అంకుల్ గారూ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. నంబర్ విషయం నూటికి నూరుపాళ్లు నిజం. మా తరానికి సొంత అమ్మ నంబర్ కూడా నోటికి రాదు.

లైప్‌జిగ్_లలిత
అంకుల్ చెప్పినలాంటి పరిస్థితికి జర్మనీలో ఒక పద్ధతైన ఏర్పాటు ఉంది, మన పిల్లల్లో చాలామందికి తెలియదు. బాన్‌హోఫ్స్‌మిసియోన్ అంటారు. పెద్ద స్టేషన్లలో, దేశం మొత్తం మీద దాదాపు వంద చోట్ల ఉంది. 1894లో బెర్లిన్‌లో మొదలుపెట్టారు, పల్లెల నుంచి పని కోసం నగరానికి ఒంటరిగా వచ్చే ఆడపిల్లలు మోసగాళ్ల చేతిలో పడకుండా చూడటానికి. ఇప్పుడు ఎవరైనా వెళ్లొచ్చు. కూర్చోవడానికి చోటు, వేడి టీ, ఫోన్ చేసుకునే వీలు, దారి చెప్పే మనిషి. డబ్బు అడగరు, మతం అడగరు. చర్చి సంస్థలు నడుపుతాయి, పనిచేసేది ఎక్కువగా స్వచ్ఛంద సేవకులు. కానీ చాలాచోట్ల రాత్రి మూసేస్తారు, వేళలు ముందే చూసుకోవాలి.

ఇంకోటి. రైలు రద్దయి లేదా ఆలస్యమై ఆ రోజు గమ్యం చేరే వీలు లేకపోతే, రాత్రి బస చూపించాల్సిన బాధ్యత రైల్వే సంస్థది. మొదట అక్కడి సిబ్బందిని అడగండి, వాళ్లు దొరక్కపోతే రసీదులు దాచి తర్వాత క్లెయిమ్ చేయండి. డాయిచ్‌లాండ్ టికెట్ (లోకల్, ప్రాంతీయ రైళ్లు, బస్సులకు నెలవారీ పాస్) మీద కొన్ని హక్కులు తక్కువ, ఆ షరతులు ఒకసారి చదవండి. మన హక్కు వాడుకునే చోట కూడా మొహమాటపడి ఎవరింటికో వెళ్లడం అవసరం లేదు.

డబ్లిన్_దినేష్
అందరూ మంచి కథలే చెప్తున్నారు, నేను ఇంకో వైపు చెప్తాను. నేను ఐర్లండ్ వచ్చినప్పుడు నన్ను ముంచింది తెల్లవాడు కాదు. ఒక తెలుగు గ్రూపులో "తమ్ముడూ, మన జిల్లానే" అంటూ పలకరించిన మనిషి. రూమ్ డిపాజిట్ పంపించుకుని మాయమయ్యాడు. ఊరు, యాస, కులం అన్నీ చెప్పి నమ్మించాడు. భాష కలిసినంత మాత్రాన నమ్మకండి. రూమ్ చూడకుండా డబ్బు పంపకండి.

ఎయిర్‌పోర్టులో "ఈ బ్యాగ్ కొంచెం పట్టుకెళ్లు నాన్నా, అక్కడ మావాడు తీసుకుంటాడు" అనేవాళ్లకు కూడా కాదనండి. ఎంత పెద్దావిడ అయినా సరే. అందులో ఏముందో మీకు తెలియదు, దొరికితే జైలుకెళ్లేది మీరే.

చివరిది, చెప్పక తప్పదు. మన రంగు చూసి మారే మంచితనం కూడా ఉంది. 2025 జూలైలో డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుడి మీద ఘోరమైన దాడి జరిగింది. ఆగస్టు మొదట్లో మన ఎంబసీ జాగ్రత్తలు చెబుతూ ప్రకటన ఇచ్చింది. చీకటి పడ్డాక ఖాళీ వీధుల్లో ఒంటరిగా తిరుగుతూ "ఎవరో ఒకరు సాయం చేస్తారు" అనుకునే రోజులు కావు.

బెజవాడ_బ్యాక్‌ప్యాక్
@డబ్లిన్_దినేష్ మొదటి రెండూ ఒప్పుకుంటా. మూడోది సగమే చెప్పావన్నా. ఆ దాడిలో రక్తం కారుతున్న మనిషి దగ్గర కారు ఆపి, అంబులెన్స్ వచ్చేదాకా పక్కనే ఉన్నది కూడా ఐర్లండ్ ఆవిడే. తర్వాత మీడియా ముందుకొచ్చి అతని తరఫున మాట్లాడింది. ఆ వీధిలో రెండు రకాల మనుషులూ ఉన్నారు.

డబ్లిన్_దినేష్
నిజమే, ఆవిడ చేసింది చాలా గొప్ప పని. నేను కాదనను. కానీ ఆవిడ రావడానికి ముందే దెబ్బలు పడ్డాయి కదా తమ్ముడూ. నేను భయపెట్టడానికి రాయట్లేదు, జాగ్రత్త కోసం రాస్తున్నా.

తిబిలిసి_మెడికో
మా జార్జియా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఒకటి. ఇక్కడ మెడిసిన్ చదివే తెలుగువాళ్లం బాగానే ఉన్నాం. తిబిలిసి నుంచి కజ్బెగీ కొండల వైపు వెళ్లే రోడ్డు జ్వారి కనుమ మీదుగా పోతుంది, ఎత్తు రెండు వేల మీటర్ల పైనే. చలికాలంలో మంచు చరియల భయంతో దాన్ని తరచూ మూసేస్తారు. మేం మార్ష్రూత్కాలో, అంటే మన షేర్ ఆటో లాంటి మినీ వ్యాన్‌లో వెళ్తుంటే గుడౌరీ దగ్గర అలాగే ఆపేశారు. డ్రైవర్ ఎవరికో ఫోన్ చేశాడు. కాసేపటికి వాళ్ల అక్క భర్త వచ్చి మమ్మల్నందరినీ ఇంటికి తీసుకెళ్లాడు.

నేను మాంసం ముట్టను. ఆ దేశంలో అది చెప్పాలంటేనే మొహమాటం, ఎందుకంటే అతిథికి మాంసం పెట్టడమే వాళ్ల గౌరవం. ఇంటావిడ ఒక్క క్షణం ఆలోచించి, మట్టికుండలో లోబియో తెచ్చింది. రాజ్మా లాంటి చిక్కుళ్లు, కొత్తిమీర, వాల్‌నట్స్ వేసి ఉడికిస్తారు. పక్కన మొక్కజొన్న రొట్టె. మా జొన్నరొట్టె, పప్పు తిన్నట్టే ఉంది! పొద్దున డబ్బులివ్వబోతే ఇంటాయన నిజంగా బాధపడ్డాడు. మేం వాళ్ల వాకిట్లో మంచు ఎత్తిపోశాం, పిల్లలకి ఇంగ్లిష్ హోంవర్క్ చేయించాం. దానికి మాత్రం సంతోషించారు.

సంచారి అడిగిన "తిరిగి ఏమివ్వాలి" అన్నదానికి నా జవాబు ఇదే. డబ్బు కాదు, ఒళ్లు వంచండి. గిన్నెలు కడగండి.

ఓరుగల్లు_అమ్మాయి
గిన్నెలు కడగడానికి మద్దతు. మన అబ్బాయిలు ఇక్కడ నేర్చుకుని వెళ్తే ఇంకా మంచిది.

లైప్‌జిగ్_లలిత
బహుమతుల గురించి. పాలకోవా, కలాకండ్ లాంటివి ఇండియా నుంచి తెస్తే యూరప్ ఎయిర్‌పోర్టులో పారేయాల్సి వస్తుంది. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి తేవడానికి వీల్లేదు. నేను ఏటికొప్పాక లక్కబొమ్మలు చిన్నవి కొన్ని తెచ్చి పెట్టుకుంటాను. బరువుండవు, పగలవు, పిల్లలున్న ఇంట్లో వెంటనే ఆటలో పడతాయి. అవి లేకపోతే మీరే ఒకపూట పులిహోర కలిపి పెట్టండి. కారం మాత్రం వాళ్ల నోటికి తగ్గట్టు వేయండి.

కోనసీమ_కుర్రోడు
ఆవకాయ పెట్టొచ్చా?

లైప్‌జిగ్_లలిత
@కోనసీమ_కుర్రోడు పెట్టొచ్చు, పక్కన పెరుగు, 112 రెండూ రెడీగా ఉంచుకుని.

డాలస్_సీనియర్
యూరప్ మధ్యలో అమెరికా నుంచి ఒక మాట. ఇక్కడ మనవాళ్లు దిగగానే అందుకునే మొదటి సాయం ఇండియన్ స్టూడెంట్ అసోసియేషన్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ పికప్. ఆగస్టులో పేరు కూడా తెలియని సీనియర్లు అర్ధరాత్రి కార్లేసుకుని వస్తారు, రూమ్ దొరికేదాకా తమ హాల్లో పరుపు వేస్తారు. ఇప్పుడు కొందరు జూనియర్లు దాన్ని యూనివర్సిటీ సర్వీసు అనుకుంటున్నారు. ఫ్లైట్ మారితే చెప్పరు, గంటలకొద్దీ నిలబెడతారు, వారాలు గడిచినా రూమ్ వెతకరు. పరీక్ష ముందురోజు పెట్రోలు పోసుకుని వచ్చిన మనిషికి కనీసం ఒక మెసేజ్ పెట్టండి. సంచారి మొదట రాసిన బాధ నాకు అర్థమవుతోంది. ఇలా లెక్క వేసుకునేవాళ్లు పెరిగిన చోట చేసేవాళ్లు తగ్గిపోతున్నారు. మా దగ్గర పికప్‌కి వచ్చేవాళ్లు నిజంగానే తగ్గారు.

బెజవాడ_బ్యాక్‌ప్యాక్
@డాలస్_సీనియర్ ఇది మాత్రం కరెక్ట్ అన్నా. నేను ఆతిథ్యం గురించి రాసింది కూడా ఇచ్చేవాళ్లు ఇష్టంగా ఇచ్చినప్పటి మాటే.

సంచారి_మాగ్డెబర్గ్
అందరి పోస్టులూ మా గ్రూపులో పెట్టాను. ఆ ఇద్దరమ్మాయిల్తో విడిగా మాట్లాడాను. ఇద్దరికీ మొదటి నుంచీ ఇష్టం లేదట, డబ్బు గురించి మొహమాటపడి ఊరుకున్నారట. అందుకని బుడాపెస్ట్ తీసేశాం, ప్రాగ్, వియన్నా మాత్రమే. హాస్టల్లో బెడ్లు బుక్ చేశాం. మా వాడు ఒప్పుకున్నాడు, కానీ వియన్నాలో ఒక సాయంత్రమైనా అక్కడివాళ్లతో కలిసి వంట చేయాలని పట్టుబట్టాడు. ఆ వేదికల్లో అలాంటి ఉమ్మడి భోజనాలు కూడా పెడతారట, దానికి వెళ్తాం. అది నాకూ నచ్చింది.

ఒక్క సందేహం మిగిలింది. షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) లోపలే కాబట్టి పాస్‌పోర్టు రూమ్‌లో పెట్టి, జిరాక్స్ పట్టుకెళ్తే చాలదా? పోతుందని భయం.

లైప్‌జిగ్_లలిత
చాలదు. ఒరిజినల్ పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ వెంట ఉండాలి. జర్మనీ, చెక్ సరిహద్దు దగ్గర రైల్లో, బస్సులో తనిఖీలు జరుగుతాయి. స్కాన్ కాపీలు మెయిల్‌లో పెట్టుకోండి, నలుగురూ ఒకరివి ఒకరి దగ్గర కూడా ఉంచుకోండి. పోతే ముందు ఆ ఊళ్లోనే పోలీసు రిపోర్టు, తర్వాత మన ఎంబసీ. ప్రాగ్‌లోనూ వియన్నాలోనూ ఉంది. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అనేది ఇండియాకి తిరిగి వెళ్లడానికి ఇచ్చే కాగితం, దాంతో చదువు మధ్యలో జర్మనీకి రాలేరు. కాబట్టి కొత్త పాస్‌పోర్టు సంగతి అడగండి. ఎంబసీ నుంచి జవాబు ఆలస్యమైతే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

టెర్నోపిల్_డాక్టర్
హెల్త్ కార్డు కూడా పెట్టుకో. జర్మనీ ప్రభుత్వ ఇన్సూరెన్స్ కార్డు వెనక వైపు యూరోపియన్ హెల్త్ కార్డు ముద్రించి ఉంటుంది, చెక్, ఆస్ట్రియా రెండింటిలో అత్యవసర వైద్యానికి పనికొస్తుంది. ప్రైవేట్ ఇన్సూరెన్స్ అయితే ముందే ఫోన్ చేసి కనుక్కో.

సంచారి_మాగ్డెబర్గ్
మాలో ఒకరిది ప్రైవేటే. రేపు ఫోన్ చేయిస్తాను.